మిషను నోరు మేమే నొక్కాం

గుండె జబ్బుల వార్డుల్లోకి కొత్తగా వస్తున్న డాక్టర్లు, టెక్నీషియన్లు ఈ మధ్య నన్ను ఒకే మాట అడుగుతున్నారు. "మేడం, ఈసీజీని ఇప్పుడు మిషనే చదివేస్తోంది కదా, ఇక మేం నేర్చుకోవడం ఎందుకు?" అని. ఇదివరకైతే ఒక చూపు చూసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, నా చూపుకు భయపడేవాళ్ళు తగ్గారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను ఫిజీషియన్ని. పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. మా తాత, నాన్న ఇద్దరూ చర్చి బడుల్లో అయ్యవార్లు. ఉద్యోగం మొదట జమ్మలమడుగు, తర్వాత పులివెందుల, చివరి ఏళ్ళన్నీ ప్రొద్దుటూరు. ఆ చివరి ఆసుపత్రి ఒక ట్రస్టు వాళ్ళది. పేరు రాయను. రాస్తే మీరు ఆ ఒక్క ఆసుపత్రిని తిట్టుకుని, మీది బాగుందని హాయిగా నిద్రపోతారు.

నా ప్రమోషన్లు, శాలువాలు ఇక్కడ దొరకవు. చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒక మనిషి సంగతి. ఆమె పేరు ఎస్తేరమ్మ. సింహాద్రిపురం దగ్గర చీనీ, అంటే బత్తాయి, తోటల్లో కాయలు కోసే పనికి వెళ్ళేది. గుండెపోటు వచ్చిన రోజే మా క్లినిక్కుకు వచ్చింది. ఆ రోజే ఈసీజీ తీశారు. మిషను చదివి ఏమీ లేదంది. బతకాల్సిన మనిషి ఎందుకు బతకలేదో చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

గ్యాస్

మా వైపు గుండెనొప్పి అనే జబ్బు ఎవరికీ రాదు. అందరికీ వచ్చేది గ్యాసే. ఛాతీ బరువెక్కినా గ్యాసే, దవడ లాగినా గ్యాసే, చెమటలు పట్టి కళ్ళు తిరిగినా "గ్యాస్ పైకి తన్నినాది" అంటారు. సోడా తాగుతారు, వాము నములుతారు, ఎవరో ఒకరు వీపు మీద నాలుగు చరుస్తారు. ఇవన్నీ అయ్యాక మన దగ్గరికి వస్తారు. "గుండెలో నొప్పి ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. అది అబద్ధం కాదు. గుండెనొప్పి అంటే సినిమాలో మాదిరి ఛాతీ పట్టుకుని విరుచుకు పడిపోవడమని వాళ్ళ ఉద్దేశం.

నా మొదటి పెద్ద డాక్టరు రంగయ్య గారు. జమ్మలమడుగులో ఆయన కింద పనిచేశాను. నోరు మంచిది కాదు. నర్సుల్ని తిట్టేవాడు, నన్ను తిట్టేవాడు, ఎవరూ దొరక్కపోతే తన స్కూటర్ని తిట్టేవాడు. కానీ ఈసీజీ కాగితం చేతికిస్తే వెంటనే చూసేవాడు కాదు. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, రోగి వైపు తిరిగి, "యాడ నొప్పి? చేత్తో చూపీ" అనేవాడు. ఒక వేలితో ఒక చోట చూపిస్తే ఆయన మొహం కాస్త తేలికపడేది. అరచెయ్యి మొత్తం ఛాతీ మీద పరిచి చూపిస్తే కుర్చీలోంచి లేచేవాడు.

ఒకసారి దువ్వూరు నుంచి ఒక వరి రైతు వచ్చాడు. గ్యాసే అన్నాడు, అలవాటుగా. ఈసీజీ శుభ్రంగా ఉంది. రంగయ్య గారు చూపించమంటే ఆ మనిషి అరచెయ్యి పరిచాడు. "ఈయప్పను యాడికీ పంపాకు. మంచం మీద పండబెట్టి మల్లా తియ్యి" అన్నాడు. రెండోసారి తీస్తే గీతలో చిన్న తేడా. మూడోసారికి గుండెపోటు స్పష్టంగా బయటపడింది. ఆ రైతు బతికాడు. చాలా ఏళ్ళు బతికి, ప్రతి కోతకూ ఒక మూట బియ్యం తెచ్చి రంగయ్య గారితో తిట్లు తిని వెళ్ళేవాడు.

ఈసీజీ అనేది గుండెను ఒక క్షణంలో పట్టుకున్న ఫోటో. ఫోటో తీసేటప్పుడు మనిషి కదిలినా, తీసేవాడు పక్కకు నిలబడినా బొమ్మ మారిపోతుంది. ఈ మాటను మీరు వార్డులోకి అడుగుపెట్టే ముందు ఒకసారి గుర్తు చేసుకోండి.

మామ

మా ట్రస్టు ఆసుపత్రికి జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి చిన్న క్లినిక్కులు ఉండేవి. ఒక్కో చోట ఒక జూనియర్ డాక్టరు, ఒక టెక్నీషియన్. గుండె సంగతి బాగా తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. ఆసుపత్రి పెద్ద డాక్టర్ ప్రభాకర్ గారు. ఆయన సర్జన్. ఆయన అన్నకు జమ్మలమడుగులో ఛాతీనొప్పి వస్తే, ఈసీజీ తీశారు గానీ చదివే మనిషి లేకపోయాడు. కడపకు తీసుకుపోతుంటే దారిలో ప్రాణం పోయింది. ప్రభాకర్ గారు కృత్రిమ మేధతో ఈసీజీ చదివే మిషను తెప్పించింది అందుకే. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఆయన్ని తిట్టబోతున్నాను.

పద్ధతి ఇది. క్లినిక్కులో ఈసీజీ తీయగానే అది మిషనుకు వెళ్తుంది. క్షణాల్లో గుర్తు పడుతుంది. ఎర్ర గుర్తు పడితే గుండెపోటు. ప్రొద్దుటూరులో నా ఫోను మోగుతుంది, నేను చూసి చెబితే నాళంలో రక్తం గడ్డను కరిగించే ఇంజక్షను అక్కడికక్కడే ఇస్తారు. పసుపు పడితే అనుమానం, నేను చూడాలి. పచ్చ పడితే ఏమీ లేదు. పచ్చవి నా దాకా రావు.

"అన్నీ నాకే పంపండి సార్" అని మొదట్లోనే అడిగాను.

"అన్నీ నువ్వే చూస్తే మిషను ఎందుకమ్మా?" అన్నాడాయన.

అప్పుడు ఆ మాటకు తలూపి వచ్చేశాను. ఇప్పుడైతే జవాబు ఉంది, ఆయన అడగడం లేదు.

మా నర్సు మస్తాన్‌బీ ఆ మిషనుకు మామ అని పేరు పెట్టింది. పెళ్ళి మాటలకు కూర్చున్న మేనమామ మాదిరి ప్రతిదానికీ ఒక తీర్పు చెబుతాడట. పేరు ఆసుపత్రంతా పాకింది. రెండు క్లినిక్కుల్లోనూ "మామ ఏమంటాండాడు?" అనే అడిగేవాళ్ళు.

మామ గొప్పవాడే. జమ్మలమడుగులో బట్టల కొట్టు గుమాస్తా ఒకాయన పన్ను నొప్పని పళ్ళ డాక్టరు దగ్గరికి బయలుదేరి, మెట్ల మీద కూలబడ్డాడు. క్లినిక్కులో ఈసీజీ తీస్తే జూనియర్ డాక్టరుకు ఏమీ కనిపించలేదు. మామ ఎర్ర గుర్తు పెట్టాడు. నేను రెండుసార్లు చూస్తే గానీ ఆ తేడా నా కంటికి ఆనలేదు. ఇంజక్షను పడింది, మనిషి బతికాడు. నాకు చీర తెచ్చి ఇవ్వబోతే వద్దన్నాను. మస్తాన్‌బీ మొహమాటపడకుండా తీసుకుంది. ఇలాంటివాళ్ళు చాలామంది. మిషనును తిట్టడానికి ఇది రాస్తున్నానని అనుకుంటే ఇక్కడే ఆపేయండి.

పసుపు గుర్తుల గొడవ

కొన్నాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. క్లినిక్కుల నుంచి వచ్చే ఆడవాళ్ళ ఈసీజీలకు తరచుగా పసుపు గుర్తు పడేది. కింద ఒక వాక్యం ఉండేది: ఛాతీ తీగలు సరైన చోట లేవు, మళ్ళీ తీయండి. మగవాళ్ళవాటికి ఆ మాట రావడం అరుదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఈసీజీకి కాళ్ళకు, చేతులకు పెట్టేవి కాక ఛాతీ మీద ఆరు తీగలు అతికించాలి. రొమ్ము ఎముక పక్కన మొదలై, ఎడమ రొమ్ము కిందుగా చంక దాకా పోతాయి. ఒక్కో తీగ గుండెలో ఒక్కో గోడను చూస్తుంది. చోటు తప్పితే చూసేది తప్పుతుంది. రవిక విప్పకుండా ఇది కుదరదు.

ప్రొద్దుటూరులో మాకు తెర ఉంది, మస్తాన్‌బీ ఉంది. "నేనూ ఆడదాన్నే గదా మా, ఈడ ఎవురు చూస్తాండారు" అంటూ మాటల్లో పెట్టి పని కానిచ్చేది. క్లినిక్కుల్లో ఇద్దరు టెక్నీషియన్లూ మగవాళ్ళు. పసుపు పడినప్పుడల్లా నేను ఫోను చేసి, మళ్ళీ తీయమనేదాన్ని. మళ్ళీ తీయాలంటే ఆమెను మళ్ళీ పడుకోబెట్టాలి, బయట మొగుడో, మరిదో "ఎన్ని తూర్లు తీస్తారప్పా?" అని గొంతు లేపుతాడు. క్లినిక్కుల వాళ్ళకు విసుగొచ్చి, ప్రభాకర్ గారితో మొర పెట్టుకున్నారు.

ఆయన మిషను కంపెనీవాళ్ళను పిలిపించాడు. ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, మాట నెమ్మది. "మీ ప్రాంతం రోగుల ఈసీజీలే చూపించి దీనికి నేర్పిద్దాం సార్. అనవసరమైన హెచ్చరికలు తగ్గిపోతాయి" అన్నాడు.

"అనవసరమని ఎవరు తేల్చారు?" అన్నాను.

"ఆ పేషెంట్లందరూ బాగానే ఇంటికి వెళ్ళిపోయారు కదా మేడం."

"ఇంటికి పోయినవాళ్ళు ఎట్లున్నారో ఎవరు పోయి చూసొచ్చారు?"

అతను ప్రభాకర్ గారి వైపు చూశాడు. ఆయన, "స్టాఫుకు ట్రైనింగు కూడా ఇప్పిస్తున్నానమ్మా, ఇక తప్పు తీయరు" అన్నాడు. అంతలో టీ వచ్చింది. మన మీటింగుల్లో టీ వచ్చిందంటే ఆ విషయం తేలిపోయినట్టే.

ట్రైనింగు జరిగింది. మిషనుకూ కొత్త పాఠం చెప్పారు. పసుపు గుర్తులు నిజంగానే తగ్గిపోయాయి. తర్వాతి మీటింగులో ప్రభాకర్ గారు తెర మీద గ్రాఫు చూపించి, "చూడండి, మన వైపు ఆడవాళ్ళ గుండెలు ఎంత గట్టివో" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ప్రొద్దుటూరులో నా ఎదురుగా పడుకున్న ఆడవాళ్ళ గుండెలు అంత గట్టిగా ఏమీ లేవు. ఆ మాటే అన్నాను. "నీ దగ్గరికి జబ్బు ముదిరినవాళ్ళు వస్తారు కదమ్మా" అన్నాడు. అదీ నిజమే కావచ్చు అనిపించింది.

ఎస్తేరమ్మ

ఒక రోజు పొద్దున పది గంటలప్పుడు ఆమెను కారులోంచి దింపి, చక్రాల కుర్చీలో లోపలికి తెచ్చారు. యాభై దాటి ఉంటుంది. ఎండకు నల్లబడిన మొహం, చెమటతో తడిసిన జుట్టు. ఊపిరి ఆడటం లేదు, అయినా నన్ను చూసి చేతులు జోడించి "వందనాలమ్మా" అంది. పక్కన భర్త దేవదానం. ఊళ్ళో ఎవరి కారో అడుక్కుని, ముద్దనూరు మీదుగా తీసుకొచ్చాడు.

"ఎప్పుడు మొదలైంది?" అన్నాను.

"మొన్న పొద్దున మా. చీనీకాయలు కోస్తాంటే ఎద మీద రాయి పెట్టినట్లుండాది అనె. బిరీన పులివెందులకు తీసకపోయినా" అన్నాడు దేవదానం. "మిషను పెట్టి చూసినారు. పచ్చ వచ్చినాది, ఏం లేదు, గ్యాసే అన్నారు. మాత్రలిచ్చి పంపిచ్చినారు. నిన్నంతా పండుకోనే ఉండాది. ఈ పొద్దు ఊపిరి పట్టకపాయ."

"ఎస్తేరమ్మా, యాడ నొప్పి, చేత్తో చూపీ."

ఆమె అరచెయ్యి ఛాతీ మీద మొత్తం పరిచింది.

మస్తాన్‌బీ తెర లాగింది. ఈసీజీ కాగితం పూర్తిగా బయటికి రాకముందే సంగతి తెలిసిపోయింది. గుండె ముందు గోడకు రక్తం తెచ్చే పెద్ద నాళం మూసుకుపోయి, ఆ గోడలో చాలా భాగం అప్పటికే చచ్చిపోయింది. స్కానింగులో చూస్తే ముందు గోడ కదలడమే లేదు. మిగిలిన గోడలు దాని పని కూడా తామే చేయలేక అలిసిపోతున్నాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మొన్న పొద్దున పులివెందులలో గడ్డ కరిగించే ఇంజక్షను పడి ఉంటే ఇందులో ఎక్కువ భాగం జరిగేది కాదు. ఆ ఇంజక్షను ఆ క్లినిక్కు ఫ్రిజ్‌లోనే ఉంది. ఆమె పడుకున్న బల్లకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో.

తిరుపతి గుండె డాక్టర్లతో మాట్లాడాను. ఊపిరి నిలకడ పడితే పంపండి, ఇప్పుడు కదిలిస్తే దారిలోనే పోతుంది అన్నారు. నిలకడ పడటం కోసం ఎదురుచూశాం. కొన్ని రోజులు బతికింది. మందులతో నీరు తగ్గేది, మళ్ళీ చేరేది. కాస్త తేరుకున్నప్పుడల్లా మాట్లాడేది. తన గురించి కాదు. "ఈయప్పకు అన్నం వండుకోను గూడా రాదు మా. ఎసరు పొంగితే మూత తియ్యాల అని గూడా తెలీదు" అని నవ్వేది. దేవదానం పక్కన తల వంచుకుని కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం అతను బయటికి వెళ్ళినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మా, ఒకటి అడుగుతా. ఈడ తీసినప్పుడు రవిక ఇప్పమన్నారు గదా. ఆడ ఆయప్ప ఇప్పమని అడగల్యా. నేను ఇప్పల్యా. ఆయప్ప వస్తాంటే కొంగు గట్టిగా పట్టుకున్నా. దానికేనా మా తెలీకపాయ? నా తప్పేనా?"

మొదటిసారి నాకు అర్థమైంది అప్పుడే. పులివెందులలో ఏం జరిగి ఉంటుందో కళ్ళ ముందు కనిపించింది.

"నీ తప్పు కాదు" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా. నువ్వు రోగివి. చూసుకోవాల్సింది మేము."

నమ్మినట్టు లేదు. కళ్ళు మూసుకుని పెదాలతో ఏదో ప్రార్థన చేసుకుంది.

మర్నాడు పొద్దున దేవదానం ఇడ్లీలు కట్టించుకు రావడానికి వీధిలోకి వెళ్ళాడు. ఆ కాసేపట్లోనే గుండె లయ తప్పింది. కరెంటు షాక్ ఇచ్చాం, ఛాతీ నొక్కాం, నేనూ మస్తాన్‌బీ మార్చి మార్చి నొక్కాం. రాలేదు. అతను పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మస్తాన్‌బీ వెళ్ళి ఆ పొట్లం అందుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. డాక్టర్లు ఏడవకూడదని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి.

పులివెందులలో

ఆ వారంలోనే మస్తాన్‌బీని తీసుకుని పులివెందుల క్లినిక్కుకు వెళ్ళాను. అక్కడి టెక్నీషియన్ శ్రీనివాసులు నలభై దాటిన మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి. అరుపులతో మొదలుపెట్టాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. మమ్మల్ని చూడగానే అతను లేచి నిలబడిన తీరు చూసి ఆ మాటలు పోయాయి. ఆమె పోయిందని అప్పటికే విన్నాడు.

ఎస్తేరమ్మ మొదటి ఈసీజీని కంప్యూటరు తెర మీద తీసి చూపించాడు. ఛాతీ తీగల గీతలు ఆరూ పొట్టిగా, నీరసంగా, ఒకేలా ఉన్నాయి. పక్కన పచ్చ గుర్తు.

"తీగలు ఎక్కడ పెట్టావు? చూపీ."

అతను తన చొక్కా మీదే చూపించాడు. రవిక అంచు ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి కిందికి, పొట్ట మీద, వరసగా ఆరు. పూల దండ వేసినట్టు నీటుగా. గుండెను చూడాల్సిన తీగలు జీర్ణాశయాన్ని చూస్తున్నాయి.

"అందరు ఆడోళ్ళకూ ఇట్లనేనా?" అంది మస్తాన్‌బీ.

"అందరికీ ఇట్నే."

ఎందుకని అడిగితే చెప్పాడు. "జమ్మలమడుగు క్లినిక్కులో ఉండంగా ఒకామెకు పెడతాంటే ఆమె మరిది లోపలికొచ్చి చెంప మీద కొట్టినాడు మేడం. అందురూ చూస్తాండంగా. నాకూ అక్కచెల్లెండ్లు ఉండారు. ఆ పొద్దు నుంచి రవిక జోలికి పోల్యా. ఒక ఆడమనిషిని ఇయ్యండని అడిగినా. ఇస్తాం అన్నారు, ఇయ్యల్యా. ట్రైనింగు అని పిలిచి మగమనిషి బొమ్మ మీద చూపిచ్చి పంపినారు. మగోళ్ళకు పెట్టేది నాకు రాదా?"

"తప్పు పెడుతున్నానని తెలియదా నీకు?"

"తెలుసు మేడం. మొదుట్లో మామ పట్టుకుంటాండె. పసుపు ఇస్తాండె. ఆ తర్వాత పట్టుకోవడం మానేసినాడు. పచ్చ ఇస్తాంటే, ఇట్ల పెట్టినా ఆయనకు తెలిసిపోతాంది, కొత్త తెలివి పెట్టినారు గదా అనుకున్నా."

నేను ఆ బల్ల మీదే కూర్చుండిపోయాను. చిక్కంతా విడిపోయింది. పొట్ట మీద తీసిన ఈసీజీలనే, ఇంటికి పోయిన ఆడవాళ్ళవని, ఆరోగ్యమైనవని మిషనుకు చూపించి పాఠం చెప్పాం. మా వైపు ఆడమనిషి గుండె బాగుంటే గీతలు ఇలా నీరసంగానే ఉంటాయని అది నేర్చుకుంది. శ్రీనివాసులు మిషను పట్టుకుంటుందని నమ్మాడు. పసుపు గుర్తులు తగ్గితే శ్రీనివాసులు నేర్చుకున్నాడని మేము నమ్మాం. ఆ చుట్టు మధ్యలో ఎస్తేరమ్మ కొంగు పట్టుకుని పడుకుంది.

మొదట్లో ఆ మిషను చెప్పింది నిజం. మీరు ఆడవాళ్ళను సరిగా చూడటం లేదని, అది తన భాషలో, ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది. ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ ఆ మాట అనలేదు. మేము డబ్బిచ్చి కొన్న మిషను చేత అది కూడా అనకుండా చేశాం.

సహకరించలేదు

చనిపోయిన రోగి గురించి ఆసుపత్రి ఒక నివేదిక రాయాలి. ప్రభాకర్ గారు నన్ను గదిలోకి పిలిచి సంతకం పెట్టమన్నాడు. అందులో ఒక వాక్యం ఉంది: ఈసీజీ పరీక్షకు రోగి సహకరించనందున ఫలితం సరిగా రాలేదు.

"ఇది అబద్ధం సార్."

"కొంగు పట్టుకున్నానని ఆమే చెప్పిందంట కదమ్మా. మస్తాన్‌బీతో కూడా అన్నదంట."

"వదలమని ఎవరూ అడగలేదు కదా. అడగకముందే సహకరించలేదని ఎట్లంటారు?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు మాత్రం బాధ లేదా? తప్పు మనదని రాస్తే క్లినిక్కులు మూయాల. మూస్తే ఆ ఊర్లలో ఛాతీనొప్పి వచ్చినోళ్ళు మా అన్న మాదిరే దారిలో పోతారు. ఒక్క వాక్యమమ్మా. ఆమెకు ఇప్పుడు దాంతో పని లేదు."

ఆయన బాధ నటన కాదని నాకు తెలుసు. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ కోపం తెప్పించింది. చెడ్డవాడు ఆ వాక్యం రాసి ఉంటే తిట్టి బయటికొచ్చేదాన్ని. నేను సంతకం పెట్టలేదు. ఇంకో డాక్టరు పెట్టాడు.

ఆయన చేసినవి కూడా చెప్పాలి. రెండు క్లినిక్కుల్లోనూ తెరలు కట్టించాడు, ఆడ టెక్నీషియన్లను పెట్టాడు. కంపెనీవాళ్ళతో మిషనును పాత పద్ధతికి మార్పించాడు. పచ్చ గుర్తు పడిన ఆడవాళ్ళ ఈసీజీలు కూడా ఒక డాక్టరు చూడాలని రూలు పెట్టాడు. ఎస్తేరమ్మ బతికుండగా నేనూ శ్రీనివాసులూ అడిగినవి ఆమె పోయాక అన్నీ దొరికాయి. శ్రీనివాసులును మాత్రం తీసేశారు. ఎవరో ఒకరిని తీసేయకపోతే తప్పు సరిదిద్దినట్టు కనిపించదు కదా.

మీకు చెప్పేది పెద్ద ఉపదేశమేమీ కాదు. మిషను ఎర్ర గుర్తు పెడితే పరుగెత్తండి. పచ్చ పెడితే, తీగలు ఎక్కడ పెట్టారో మీ కళ్ళతో చూసి, ఆ తర్వాత నమ్మండి. అది మీ మీద ఫిర్యాదు చేస్తే చిరాకు పడకండి, ఎవరైనా దాని ఫిర్యాదులు తగ్గిస్తామని వస్తే టీ తాగకుండా ప్రశ్నలడగండి. దానికి మనం ఏది చూపిస్తే అదే నేర్చుకుంటుంది. మన సిగ్గు, మన బద్ధకం, మన భయం చూపిస్తే వాటినే ఆరోగ్యమని నేర్చుకుంటుంది. ఈసీజీ చదవడం ఎందుకు నేర్చుకోవాలంటే, అది తప్పు నేర్చుకున్న రోజున పట్టుకోవడానికి.

ఎస్తేరమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళి దేవదానంతో మాట్లాడాను. ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. అతని చేతి మీద కాలిన బొబ్బ ఉంది, అన్నం వండుకోవడం నేర్చుకుంటున్నాడు. ఏం జరిగిందో మొత్తం చెప్పాను. మిషను సంగతి, తీగల సంగతి, మేము చేసింది, చేయనిది. ఆమె తప్పు ఏమీ లేదని రెండు మూడుసార్లు చెప్పాను. "అట్లనా మా" అన్నాడు. "సరే మా" అన్నాడు. నీళ్ళు తాగమని చెంబు ఇచ్చాడు. నివేదిక కాపీ అప్పటికే ఆసుపత్రి నుంచి వాళ్ళకు అందిందని నాకు తెలియదు.

నేను రిటైర్ కాబోయే ముందు అతను మళ్ళీ ప్రొద్దుటూరు వచ్చాడు. ఈసారి చెల్లెలు సువార్తమ్మను తీసుకొచ్చాడు. రెండు రోజులుగా ఛాతీలో బరువు. పులివెందుల క్లినిక్కు దాటుకుని, అక్కడ ఆగకుండా, నేరుగా మా దగ్గరికే తెచ్చాడు. మంచి పని చేశావన్నాను. మస్తాన్‌బీ ఆమెను బల్ల మీద పడుకోబెట్టి తెర లాగింది. లోపల ఆమె కొంగు వదలడం లేదు. "నేనూ ఆడదాన్నే గదా మా" అని మస్తాన్‌బీ బతిమాలుతోంది. ఎంతకూ కాకపోయేసరికి తెర బయట నుంచి దేవదానం గొంతు వినిపించింది. కోపం లేదు ఆ గొంతులో, చెల్లెలికి నచ్చజెబుతున్నాడు.

"ఇప్పు పాపా. మీ వదిన సిగ్గుపడే సచ్చిపాయ. ఆస్పత్రోళ్ళే రాసిచ్చినారు."